దాసోహం: మఠానికీ అధిష్ఠానానికీ మధ్య

ముఖ్యమంత్రిని ఎన్నుకునేది శాసనసభా పక్షమని రాజ్యాంగ సంప్రదాయం చెబుతుంది. ఆ ముఖ్యమంత్రిని నిలబెట్టేదీ దించేదీ ఢిల్లీలోని పార్టీ అధిష్ఠానమని అనుభవం చెబుతుంది. కర్ణాటకలో ఈ రెంటితో పాటు మూడవ గొంతు ఒకటి వినిపిస్తుంది, అది మఠాధిపతులది. బెంగళూరులో ప్రభుత్వం కదిలినప్పుడల్లా, విధానసౌధ మెట్లమీద శాసనసభ్యులు ఎంత కనిపిస్తారో, ముఖ్యమంత్రి నివాసం ముందు కాషాయవస్త్రాలు ధరించిన స్వామీజీలు దాదాపు అంతగానూ కనిపిస్తారు. వారిలో లింగాయత మఠాలవారిదే పైచేయి. ఆ మఠాల సంప్రదాయ నాయకత్వానికీ, వారి ఆశీస్సులు కోరుకునే పార్టీల అధిష్ఠానాలకూ మధ్య కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న పెనుగులాటే నేటి ప్రసంగ విషయం.

ఈ పెనుగులాటలో మఠాలు గెలుస్తాయా, పార్టీలు గెలుస్తాయా అన్న ప్రశ్న సాధారణంగా వినిపిస్తుంది గాని, అది సరైన ప్రశ్న కాదు. అధిష్ఠానం ఒక నిర్ణయం తీసుకున్న తరువాత దానిని ఆపగలిగిన మఠం ఇంతవరకు కనబడదు. అయితే ఆ నిర్ణయం తరువాత జరగవలసిన దానిని, అంటే దిగిన మనిషి స్థానంలో ఎవరు కూర్చోవాలి, కూర్చున్నవారు ఎవరికి భయపడాలి అన్నదానిని మఠాలు శాసించగలిగాయి. ఈ మాట ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఎందుకంటే ఆపలేకపోవడం ఒకటి, శాసించగలగడం మరొకటి.

ముందుగా ఈ మఠాలు ఏవో, వాటి సంప్రదాయం ఏదో తెలియాలి. పన్నెండవ శతాబ్దంలో కల్యాణ నగరంలో, కలచురి బిజ్జలుని కొలువులో మంత్రిగా ఉన్న బసవేశ్వరుడు, గుడికి వెళ్ళనక్కరలేని, పురోహితుడు అవసరంలేని ఒక భక్తిమార్గాన్ని నడిపాడు. ప్రతి భక్తుడూ తన శరీరం మీద ధరించే చిన్న శివలింగాన్ని ఇష్టలింగం అంటారు. ఆ మార్గంలో నడిచినవారిని శరణులని, వారు చెప్పిన గద్యరూప భక్తివాక్యాలను వచనాలని పిలుస్తారు. కులభేదాన్ని కాదన్న ఉద్యమం అది. అయితే కాలక్రమంలో ఆ ఉద్యమమే లింగాయతులనే ఒక పెద్ద సమాజంగా, ఆ సమాజంలో మళ్ళీ అనేక ఉపశాఖలుగా, ఆ శాఖలకు వేరువేరు మఠాలుగా మారింది.

ఆ మఠాలలో రెండు ధారలున్నాయి. బసవేశ్వరుడు, అల్లమప్రభువు మొదలైన శరణులను మూలపురుషులుగా భావించేవి విరక్త మఠాలు. బసవేశ్వరునికంటే ఎంతో ముందునుంచీ తమ పరంపర ఉన్నదని, వేదాగమాలతో తమకు సంబంధమున్నదని చెప్పుకునేవి పంచపీఠాలు. బాళెహొన్నూరులోని రంభాపురి, ఉజ్జయిని, కేదారం, శ్రీశైలం, కాశి అనే ఐదింటిని కలిపి పంచపీఠాలంటారు. ఈ ఐదింటిలో ఒకటి ఆంధ్రదేశంలోని శ్రీశైలంలో ఉండడం తెలుగు శ్రోతలు గుర్తుంచుకోదగిన విషయం. రంభాపురి పీఠానికి మూలపురుషుడైన రేణుకాచార్యుడు నేటి తెలంగాణలోని కొలనుపాక సోమేశ్వరలింగం నుంచి ఉద్భవించాడని ఆ సంప్రదాయంవారి విశ్వాసం. ఇక బసవేశ్వరుని చరిత్రను తొలిసారి పురాణంగా చెప్పినది పదమూడవ శతాబ్దపు తెలుగు కవి పాల్కురికి సోమనాథుడు. ఆ తెలుగు బసవపురాణాన్ని ఆధారంగా చేసుకొని భీమకవి 1369లో కన్నడంలో తన కావ్యాన్ని రచించాడు. అంటే కన్నడిగుల ఇంటి గొడవగా కనిపించే దీని వేళ్ళు కొన్ని తెలుగు నేలలోనే ఉన్నాయి. సోమనాథుడే మరొక గ్రంథంలో కీర్తించిన మల్లికార్జున పండితారాధ్యుని పరంపరలోని ఆరాధ్యులు లింగాన్నీ యజ్ఞోపవీతాన్నీ రెంటినీ ధరిస్తారు. వేదాన్ని వదులుకోవాలా, ఉంచుకోవాలా అన్న విరక్త, పంచపీఠ వివాదం తెలుగువారి మధ్య ఏనాడో ఒక రాజీతో సర్దుకున్నది. కన్నడ దేశంలో అది సర్దుకోలేదు, ఎన్నికలదాకా వచ్చింది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పవలసి ఉంది, అది దాసోహం. తెలుగులో ఎవరికైనా దాసోహమన్నాడంటే లొంగిపోయాడని అర్థం. కన్నడ మఠాలలో అదే మాటకు వచ్చినవారందరికీ ఉచితంగా పెట్టే భోజనమని అర్థం. దైవానికి దాసుడనన్న భావంతో చేసే అన్నసేవ అది. రాజకీయ నాయకుడు మఠానికి వెళ్ళి దాసోహంలో కూర్చుని భోంచేసినప్పుడు, తెలుగు అర్థం వర్తిస్తుందా, కన్నడ అర్థం వర్తిస్తుందా అన్నది చూసేవారిని బట్టి ఉంటుంది.

మఠానికి ఇంత పలుకుబడి ఆధ్యాత్మికత వల్లనే వచ్చిందనుకుంటే పొరపాటు. తుమకూరు దగ్గరి సిద్ధగంగ మఠాన్ని చూస్తే అసలు కారణం తెలుస్తుంది. 1941 నుంచి ఆ మఠానికి అధిపతిగా ఉన్న శివకుమార స్వామీజీ, కులమతాలు అడగకుండా వేలాది పేద పిల్లలకు మఠంలోనే తిండి, వసతి, చదువు కల్పించారు. 2019 జనవరి 21న, 111 ఏళ్ళ వయసులో ఆయన శివైక్యం చెందినప్పుడు, పిల్లల మధ్యాహ్న భోజనం పూర్తయ్యేవరకు ఆ వార్త బయటపెట్టలేదని, అది స్వామీజీ కోరికేనని అప్పట్లో పత్రికలు రాశాయి. మైసూరు ప్రాంతపు సుత్తూరు మఠం, చిత్రదుర్గ మురుఘా మఠం వంటివి కూడా బడులు, కళాశాలలు, హాస్టళ్ళు నడుపుతూ వచ్చాయి. ప్రభుత్వ బడి లేని ఊళ్ళకు మఠం బడి వెళ్ళింది. కర్ణాటకలోని అనేక జిల్లాలలో తాలూకా ఆఫీసు గుమాస్తా నుంచి శాసనసభ్యునిదాకా మఠం హాస్టలులో ముద్ద తిని చదువుకున్నవారు కనిపిస్తారు. పార్టీ ఆ మనిషి దగ్గరకు అయిదేళ్ళకొకసారి వస్తుంది. మఠం అతని ఇంటి పెళ్ళికీ, చావుకీ, జాతరకీ వస్తుంది. స్వామీజీ మాటకు ఉన్న బరువు ఈ రాకపోకల నుంచి వచ్చిందే గాని, పీఠం ఎత్తు నుంచి వచ్చినది కాదు.

1956లో కన్నడ ప్రాంతాలు ఒక్కటై ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన తరువాత, నిజలింగప్ప, బి.డి. జత్తి, ఎస్.ఆర్. కంఠి, వీరేంద్ర పాటిల్ వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. నలుగురూ లింగాయతులే, నలుగురూ కాంగ్రెస్‌వారే. ఆ రోజులలో మఠానికీ అధిష్ఠానానికీ తగవు రాలేదు, ఎందుకంటే రెండూ ఒకే గదిలో కూర్చునేవి. 1972లో దేవరాజ్ అర్సు వచ్చి, వెనుకబడిన కులాలను, దళితులను, మైనారిటీలను ఒక్కచోట చేర్చి, హావనూరు కమిషన్ ద్వారా రిజర్వేషన్లకు కొత్త లెక్క తెచ్చినప్పుడు ఆ గది తలుపు మూసుకుపోయింది. అయినా లింగాయతులు కాంగ్రెస్‌ను పూర్తిగా వదలలేదు. వదలడానికి వారికి ఒక విమానాశ్రయ ఘట్టం కావలసివచ్చింది.

ఆ ఘట్టం 1990 అక్టోబరులో జరిగింది. అంతకు ముందు ఏడాది వీరేంద్ర పాటిల్ నాయకత్వంలో కాంగ్రెస్ 224 స్థానాలలో 178 గెలుచుకుంది. కర్ణాటకలో అంతటి గెలుపు మళ్ళీ ఏ పార్టీకీ దక్కలేదు. అయితే ముఖ్యమంత్రి పక్షవాతంతో మంచాన పడ్డారు. అదే సమయంలో అయోధ్య రథయాత్ర ఉద్రిక్తతల మధ్య రాష్ట్రంలో కొన్నిచోట్ల మతకలహాలు చెలరేగాయి. పార్టీ అధ్యక్షుడు రాజీవ్ గాంధీ వచ్చారు, కలహ ప్రాంతాలు చూశారు, అనారోగ్యంతో ఉన్న ముఖ్యమంత్రిని పరామర్శించారు, ఢిల్లీకి తిరిగి వెళుతూ బెంగళూరు విమానాశ్రయంలోనే నాయకత్వ మార్పు గురించి విలేఖరులకు చెప్పివేశారు. కొద్దిరోజుల రాష్ట్రపతి పాలన తరువాత అక్టోబరు 17న బంగారప్ప ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఈడిగ కులస్థుడు, అర్సు బాటలో నడిచిన నాయకుడు. పరిపాలనలో ఆయన మంచి చెడ్డల చర్చ వేరు. లింగాయత సమాజానికి మాత్రం, జబ్బుపడిన పెద్దమనిషిని విమానం మెట్ల దగ్గర నుంచి తీసివేశారన్న చిత్రమే మిగిలింది. 1994 ఎన్నికలలో కాంగ్రెస్‌కు మిగిలినవి 34 స్థానాలు.

ఆ ఓటమికి మఠాలొక్కటే కారణమనడం చరిత్రకు న్యాయం కాదు. బంగారప్పతో కాంగ్రెస్ తగవులు, ఆయన వేరు కుంపటి, జనతాదళ్ మళ్ళీ ఒక్కటి కావడం, ఇవన్నీ పనిచేశాయి. అయినా ముఖ్యమైన సంగతి ఒకటుంది. వీరేంద్ర పాటిల్ తొలగింపును ఏ స్వామీజీ ఆపలేకపోయారు. కాని ఆ తొలగింపు జ్ఞాపకం చెరిగిపోకుండా చూడగలిగారు. జాతరలో, ప్రవచనంలో, పెళ్ళిపందిట్లో ఆ కథ ముప్పై ఏళ్ళు బతికింది. కాంగ్రెస్‌ను వదిలిన ఓట్లు మొదట జనతాదళ్‌కు, ఆ తరువాత మాజీ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేతో పాటు భారతీయ జనతా పార్టీ వైపుకు చేరాయి. హెగ్డే బ్రాహ్మణుడు. ఒక బ్రాహ్మణ నాయకుని వెంట లింగాయత సమాజం అన్నేళ్ళు నడిచిందంటే, ఈ రాజకీయాన్ని కులం లెక్కలతోనే చూడడం చాలదని అర్థమవుతుంది.

హెగ్డే తరువాత లింగాయత సమాజం వెంట నడిచే నాయకుని స్థానం భాజపాకు చెందిన లింగాయతుడు బి.ఎస్. యడియూరప్పకు దక్కింది. ఆయన పుట్టినది మండ్య జిల్లా బూకనకెరెలో, రాజకీయంగా పెరిగినది శివమొగ్గ జిల్లా శికారిపురలో. 2007లో సంకీర్ణ ప్రభుత్వంలోని భాగస్వామి పక్షం మాట తప్పి ఆయనను ఏడు రోజులకే గద్దె దిగేలా చేసినప్పుడు, మఠాలలో మళ్ళీ పాత కథే కొత్తగా వినిపించింది. 2008లో దక్షిణ భారతదేశంలో భాజపా తొలి ప్రభుత్వం ఆయన నాయకత్వంలోనే ఏర్పడింది. ఆయన తన బడ్జెట్లలో మఠాలకు నేరుగా నిధులు కేటాయించారు. లింగాయత మఠాలకే కాక ఇతర కులాల మఠాలకూ ఇచ్చారు. ఖజానా నుంచి మఠానికి డబ్బు వెళ్ళడం మొదలైన తరువాత, ఆశీర్వాదానికీ అప్పుకూ మధ్య ఉన్న గీత చెరిగిపోయిందని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు.

2011లో అక్రమ గనులపై లోకాయుక్త నివేదికలో తన పేరు రావడంతో యడియూరప్ప రాజీనామా చేయవలసివచ్చింది. ఆయన పార్టీని వదిలి 2012 చివర కర్ణాటక జనతా పక్ష స్థాపించారు. 2013 ఎన్నికలలో ఆ కొత్త పార్టీకి ఆరు స్థానాలే వచ్చాయి, కాని నూటికి దాదాపు పది ఓట్లు వచ్చాయి. భాజపా 40 స్థానాలకు పడిపోయింది. గెలవలేని మనిషి ఓడించగలడని ఢిల్లీకి అప్పుడు అర్థమైంది. ఆయనను మళ్ళీ పార్టీలోకి తీసుకున్నారు, 2019 జూలై 26న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

మఠాలు అన్నిటా ఆయనకు అండగా ఉన్నాయనుకోరాదు. 2020 జనవరిలో హరిహరలో పంచమసాలి పీఠం ఉత్సవం జరిగింది. పంచమసాలి అంటే లింగాయతులలో సంఖ్యాబలం ఎక్కువగా ఉన్న, ప్రధానంగా వ్యవసాయం మీద బతికే ఉపశాఖ. ఆ వేదిక మీద పీఠాధిపతి వచనానంద స్వామి, తమ శాఖకు చెందిన మురుగేశ్ నిరాణిని మంత్రిని చేయకపోతే సమాజం దూరమవుతుందని ముఖ్యమంత్రి పక్కన నిలబడే హెచ్చరించారు. యడియూరప్ప చటుక్కున లేచి నిలబడ్డారు. ఇలా మాట్లాడితే వెళ్ళిపోతానన్నారు, రాజీనామాకైనా సిద్ధమేనన్నారు. వేలమంది చూస్తుండగా ముఖ్యమంత్రికీ స్వామీజీకీ జరిగిన ఆ మాటల యుద్ధం టీవీలలో పదేపదే వచ్చింది. ఏడాది తరువాత నిరాణి మంత్రి అయ్యారు. అదే సంవత్సరం, 2021లో, కూడలసంగమ పంచమసాలి పీఠానికి చెందిన జయమృత్యుంజయ స్వామి, తమవారికి రిజర్వేషన్లలో మెరుగైన వర్గం కావాలంటూ అక్కడి నుంచి బెంగళూరుదాకా నడిచి వచ్చి, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో భారీ సభ జరిపారు. ముఖ్యమంత్రి లింగాయతుడు, ఆయన మీద ఉద్యమించినది లింగాయత స్వామి.

ఇంత తగవు ఉన్నప్పటికీ, 2021 జూలైలో యడియూరప్పను దించబోతున్నారన్న వార్త పొక్కగానే మఠాలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. డెబ్బైఅయిదేళ్ళు దాటినవారికి పదవులు వద్దన్న పార్టీ ఆనవాయితీని ఆయనకోసం అప్పటికే రెండేళ్ళు పక్కన పెట్టారు. శాసనసభ్యులలో అసమ్మతి పెరిగింది. కుమారుని జోక్యం గురించి ఫిర్యాదులు ఢిల్లీ చేరాయి. అధిష్ఠానం నిర్ణయించుకుంది. అప్పుడు కావేరి అనే పేరుగల ముఖ్యమంత్రి నివాసానికి స్వామీజీలు బృందాలుగా రావడం మొదలుపెట్టారు. కాంగ్రెస్‌లో ఉన్న శామనూరు శివశంకరప్ప, ఎం.బి. పాటిల్ కూడా ఆయనను తొలగిస్తే భాజపా తగిన ఫలితం అనుభవిస్తుందన్నారు. శ్రోతలు ఈ రెండు పేర్లను కొంచెంసేపు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వాటితో పని పడుతుంది. జూలై 25న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వందలమంది మఠాధిపతులు సమావేశమయ్యారు. బాళెహొసూరు మఠానికి చెందిన దింగాలేశ్వర స్వామి ముందుండి నడిపిన ఆ సభ, పదవీకాలం పూర్తయ్యేవరకు యడియూరప్పనే కొనసాగించాలని కోరింది.

మరునాడు, జూలై 26న, తన ప్రభుత్వానికి సరిగ్గా రెండేళ్ళు నిండిన రోజున, విధానసౌధలో జరిగిన సభలోనే యడియూరప్ప కన్నీళ్ళతో రాజీనామా ప్రకటించారు. స్వామీజీల సభకూ రాజీనామాకూ మధ్య ఒక్క రాత్రే గడిచింది. ఆ ఒక్క రాత్రిని చూసి మఠాలు ఓడిపోయాయని రాసినవారున్నారు. వారు మరో రెండు రోజులు ఆగి ఉండవలసింది. జూలై 28న ప్రమాణస్వీకారం చేసిన బసవరాజ్ బొమ్మై లింగాయతుడు, యడియూరప్పకు సన్నిహితుడు. ఆయన సంఘ్ పరివార్‌లో పెరిగినవాడు కాదు. జనతా పరివారానికి చెందిన మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై కుమారుడు, 2008లో పార్టీలోకి వచ్చినవాడు. పార్టీ సిద్ధాంతంలో తలపండినవారు, ఇతర కులాలవారు ఎందరో ఉండగా అధిష్ఠానం ఆయననే ఎంచుకోవడానికి, 1990 విమానాశ్రయ ఘట్టం పునరావృతం కాకూడదన్న జాగ్రత్త తప్ప మరో బలమైన కారణం కనిపించదు. ఇదే మొదట చెప్పిన మాట: తొలగింపును మఠాలు ఆపలేకపోయాయి, వారసుణ్ణి మాత్రం అవే ఖరారు చేశాయి. ఆ తరువాతి ఏడాదే యడియూరప్పను పార్టీ పార్లమెంటరీ బోర్డులోకి తీసుకున్నారు. వయసు ఆనవాయితీ అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు కాంగ్రెస్ వైపు చూడాలి, ఎందుకంటే అధిష్ఠానం మఠాల మాట వినకపోవడం ఒక రకమైన తప్పయితే, మఠాల మధ్య తగవులో తానే న్యాయాధిపతిగా కూర్చోవడం మరో రకమైన తప్పు. కాంగ్రెస్ ముఖ్యమంత్రి సిద్ధరామయ్య తొలి ప్రభుత్వ కాలంలో, లింగాయత ధర్మాన్ని హిందూమతం నుంచి వేరైన మతంగా గుర్తించాలన్న పాత కోరికకు కొత్త ఊపు వచ్చింది. బసవేశ్వరుడు వేదాన్ని, వర్ణాన్ని కాదన్నాడు గనుక ఆయన అనుచరులు వేరు మతస్థులేనని విరక్త మఠాలలో పలువురు వాదించారు. వీరశైవమూ లింగాయతమూ ఒక్కటేనని, దానిని విడదీయరాదని పంచపీఠాలు వాదించాయి. జస్టిస్ నాగమోహన్ దాస్ సంఘం ఇచ్చిన నివేదికను అనుసరించి, 2018 మార్చి 19న, ఎన్నికలకు రెండు నెలల ముందు, బసవతత్త్వాన్ని నమ్మే లింగాయతులకూ వీరశైవ లింగాయతులకూ మైనారిటీ మత హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం సిఫారసు చేసింది.

ఆ వాదంలో చారిత్రకంగా బలమున్నదనే చెప్పాలి. వచనాలు చదివినవారెవరూ వాటిని కర్మకాండకు మద్దతుగా చూపలేరు. కాని చరిత్ర బలం వేరు, ఎన్నికల ముందు మంత్రివర్గ తీర్మానం వేరు. అదే పార్టీకి చెందిన మంత్రి ఎం.బి. పాటిల్ ప్రత్యేక మతం కోసం ఊరూరా తిరిగితే, అదే పార్టీకి చెందిన శాసనసభ్యుడు, అఖిల భారత వీరశైవ మహాసభ అధ్యక్షుడు శామనూరు శివశంకరప్ప దానిని వ్యతిరేకించారు. శ్రోతలను గుర్తుంచుకోమన్న రెండు పేర్లు ఇవే. 2018లో ఎదురెదురుగా నిలిచిన ఈ ఇద్దరే, 2021లో పక్కపార్టీ ముఖ్యమంత్రి కోసం ఒకే మాట పలికారు. సమాజాన్ని మతసిద్ధాంతం విడదీసింది, పదవి పోతున్న పెద్దమనిషి కలిపాడు.

2018 ఎన్నికలలో కాంగ్రెస్ మెజారిటీ కోల్పోయింది, భాజపా 104 స్థానాలతో పెద్ద పార్టీ అయింది. ఉద్యమానికి ముందున్న మంత్రి వినయ్ కులకర్ణి ధారవాడలో ఓడిపోగా, ఎం.బి. పాటిల్ బబలేశ్వరలో గెలిచారు. మతం విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకోవడం పొరపాటని అదే ఏడాది అక్టోబరులో కాంగ్రెస్ నాయకుడు డి.కె. శివకుమార్ బహిరంగంగా క్షమాపణ కోరారు. కేంద్రం ఆ సిఫారసును అంగీకరించలేదు. భాజపా అధిష్ఠానం మఠాల నాయకుణ్ణి దించి దెబ్బతినగా, కాంగ్రెస్ మఠాల సిద్ధాంతంలోకి దిగి దెబ్బతిన్నది.

భాజపా తన పాఠాన్ని పూర్తిగా నేర్చుకున్నదని కూడా చెప్పలేము. 2023 ఎన్నికలలో మాజీ ముఖ్యమంత్రి జగదీశ్ శెట్టర్‌కు, మాజీ ఉపముఖ్యమంత్రి లక్ష్మణ్ సవదికి పార్టీ అవకాశం నిరాకరించింది. ఇద్దరూ కాంగ్రెస్‌లో చేరారు. లింగాయత పెద్దలను ఒక్కొక్కరినే పక్కన పెడుతున్నారన్న మాట మఠాల ఆవరణలలో మళ్ళీ మొదలైంది. ఫలితాలలో శెట్టర్ హుబ్బళ్ళిలో ఓడిపోయారు, సవది అథణిలో గెలిచారు. పార్టీ మొత్తానికి 66 స్థానాలకు పడిపోయింది, కాంగ్రెస్ 135 గెలిచింది. ఆరు నెలలకే యడియూరప్ప కుమారుడు విజయేంద్రను రాష్ట్ర అధ్యక్షునిగా నియమించారు. వారసత్వ రాజకీయాలను విమర్శించే పార్టీకి ఆ నియామకం రుచించిందో లేదో గాని, అవసరమైంది. శెట్టర్ కూడా ఏడాది తిరగకముందే పాత గూటికి చేరి, 2024లో బెళగావి నుంచి లోక్‌సభకు గెలిచారు.

మఠాల శక్తికి హద్దు ఎక్కడుందో కూడా 2024లోనే కనిపించింది. ప్యాలెస్ గ్రౌండ్స్ సభను నడిపిన దింగాలేశ్వర స్వామి, ధారవాడలో కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి లింగాయతులను అణగదొక్కుతున్నారని ఆరోపిస్తూ, తానే ఆయనపై పోటీకి దిగుతున్నట్టు ప్రకటించి నామినేషన్ వేశారు. కొద్దిరోజులకే దానిని ఉపసంహరించుకున్నారు. జోషి మళ్ళీ గెలిచారు. స్వామీజీ పీఠం మీద కూర్చుని చెప్పిన మాటకు ఉన్న బరువు, పీఠం దిగి ఓటు అడిగినప్పుడు ఉండదు. ఎందుకంటే మఠానికి వెళ్ళే భక్తుడు స్వామీజీని తన ఇంటి పెద్దగా చూస్తాడు గాని, ఒక అభ్యర్థిగా చూడడానికి ఇష్టపడడు.

పంజాబు సంగతి దీనితో పోల్చి చూడదగినది. అక్కడ సిక్కుల అత్యున్నత ధర్మపీఠమైన అకాల్ తఖ్త్, 2024 డిసెంబరులో అకాలీదళ్ నాయకుడు సుఖ్‌బీర్ సింగ్ బాదల్‌కు మతపరమైన శిక్ష విధించింది. ఒకనాటి ఉపముఖ్యమంత్రి మెడలో పలక వేసుకుని, చేతిలో బల్లెం పట్టుకుని స్వర్ణదేవాలయం ద్వారం దగ్గర సేవకునిగా కూర్చున్నారు. కర్ణాటకలో అటువంటి దృశ్యం ఊహించలేము. అకాల్ తఖ్త్ ఒక్కటే, లింగాయత మఠాలు వందలు; పైగా బసవేశ్వరుని మార్గంలో గురువుకంటే మెడలోని ఇష్టలింగమే భక్తునికి దగ్గర. ఒక్కటే పీఠమున్నచోట అధిష్ఠానం తల వంచుతుంది. పీఠాలు వందలున్నచోట ఏ పీఠాన్ని ఎప్పుడు పలకరించాలో లెక్క వేసుకుంటుంది. ఈ లెక్కలో భాజపాకూ కాంగ్రెస్‌కూ పెద్ద తేడా లేదు.

ఆ లెక్క ఇంకా తెగలేదు. 2025 సెప్టెంబరు 22న కర్ణాటకలో కొత్త సామాజిక, విద్యా సర్వే మొదలైనప్పుడు, మతం అన్న గడిలో ఏమి రాయించాలన్న ప్రశ్న మఠాలను మళ్ళీ కదిపింది. ఇతర మతాల వరుసలో వీరశైవ లింగాయత అని రాయించాలని మహాసభ కోరింది. హిందూ అని రాయించి, కులం దగ్గర లింగాయత అని చెప్పాలని భాజపా నాయకులలో పలువురు కోరారు. స్వామీజీలు తమలో తాము ఒక మాట మీదకు రాలేకపోయారు. 2018లో వేరుమతం వద్దన్న మహాసభ, ఏడేళ్ళ తరువాత హిందూ గడి వద్దన్నది. అప్పుడు ఆ వ్యతిరేకత వల్ల లాభపడిన పార్టీ, ఇప్పుడు అదే మహాసభను ఒప్పించలేక ఇబ్బంది పడింది. సర్వేకు వచ్చిన ఉపాధ్యాయుడు ఫోనులో ఆ గడి తెరిచి అడిగినప్పుడు, ఇంటి గుమ్మంలో స్వామీజీ ఉండడు, అధిష్ఠానం మనిషీ ఉండడు. జవాబు చెప్పవలసినది ఆ ఇంటివారే.